లైనక్స్ హ్యూజ్ పేజీలు: లోపల చిక్కులు విడుతున్నాయి, బయట మీటలు పెరుగుతున్నాయి

ప్రాసెసర్ మెమొరీని పేజీలనే ముక్కలుగా, మామూలుగా 4 కేబీ చొప్పున చూస్తుంది. ఏ పేజీ ఎక్కడుందో రాసుకునే పట్టీ పేజీ టేబుల్. 2 ఎంబీ, 1 జీబీ లాంటి పెద్ద ముక్కలే హ్యూజ్ పేజీలు. ముందు లెక్క చూద్దాం. 64 జీబీ షేర్డ్ బఫర్లు (ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమొరీ) పెట్టుకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వరు. 4 కేబీ పేజీలతో ఆ మెమొరీ మొత్తాన్ని మ్యాప్ చేయాలంటే ఒక్కో ప్రాసెస్‌కి 1,67,77,216 ఎంట్రీలు కావాలి. ఎంట్రీకి 8 బైట్ల చొప్పున పేజీ టేబుళ్లకే 128 ఎంబీ. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్‌కో ప్రాసెస్ ఉంటుంది. 500 కనెక్షన్లు బఫర్లన్నిటినీ తాకాయంటే పేజీ టేబుళ్లే 62.5 జీబీ మింగేస్తాయి. డేటా ఎంతుందో, అదెక్కడుందో చెప్పే పట్టీ కూడా ఇంచుమించు అంతే అవుతుంది. 2 ఎంబీ పేజీలకు మారితే ప్రాసెస్‌కి 32,768 ఎంట్రీలు, 256 కేబీ చాలు. 500 కనెక్షన్లకూ కలిపి 125 ఎంబీ. హ్యూజ్‌టీఎల్‌బీ పూల్ (ముందే పక్కన పెట్టిన పెద్ద పేజీల నిల్వ) వాడితే 1 జీబీ హద్దుకు సరిపడిన షేర్డ్ ముక్కల టేబుళ్లను ప్రాసెస్‌లు పంచుకుంటాయి కూడా, అప్పుడు అంత కూడా కాదు.

రెండో లాభం టీఎల్‌బీది, అంటే ఈ మధ్యే వెతికిన అడ్రసులను ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే చిన్న క్యాష్‌ది. ఇంటెల్ స్కైలేక్ కోర్‌లో రెండో స్థాయి టీఎల్‌బీకి 1,536 ఎంట్రీలు. 4 కేబీ పేజీలతో అది ఒకేసారి గుర్తుపెట్టుకోగలిగేది 6 ఎంబీ, 2 ఎంబీ పేజీలతో 3 జీబీ. 1 జీబీ పేజీలకు మాత్రం అక్కడ వేరుగా 16 ఎంట్రీలే ఉన్నాయి. కాబట్టి పేజీ ఎంత పెద్దదైతే అంత వేగం అనుకుని గుడ్డిగా 1 జీబీకి పరుగెత్తకూడదు. వర్చువల్ మెషీన్లలో ఈ లాభం ఇంకా ఎక్కువ. గెస్ట్‌కి (లోపల నడిచే మెషీన్) నాలుగు పేజీ టేబుల్ స్థాయిలు, హోస్ట్‌కి (దాన్ని నడిపే మెషీన్) నాలుగు స్థాయిలు ఉంటే ఒక్క టీఎల్‌బీ మిస్‌కి ఆ టేబుళ్ల నడకలో 24 దాకా మెమొరీ రీడ్‌లు పడతాయి. రెండు వైపులా పెద్ద పేజీలుంటేనే ఆ నడక కురచవుతుంది. ఒక వైపు 4 కేబీగానే మిగిలితే రెండో వైపు లాభం చాలావరకు పోతుంది.

ఈ సమీక్ష ఎక్స్86-64 మీద 6.12 కెర్నల్‌ని ఆధారం చేసుకున్నది. పెద్ద మెమొరీని మ్యాప్ చేయడానికి లైనక్స్ ఇస్తున్నది ఒక సౌకర్యం కాదు. ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టిన మూడు నాలుగు సౌకర్యాలు. అసలు గొడవంతా అక్కడే.

హ్యూజ్‌టీఎల్‌బీ: మాట తప్పదు, మొండిది

2.6 కెర్నల్ కాలం నుంచీ ఉన్నది ఇదే. పేజీలను ముందే పక్కన పెట్టాలి. పెట్టాక అవి స్వాప్‌కి వెళ్లవు, విడిపోవు, ఇంకెవరికీ దొరకవు. పెళ్లికి కల్యాణమండపం బుక్ చేసినట్టే: జనం వచ్చినా రాకపోయినా ఆ రోజుకి అది మీదే, అద్దె మాత్రం కట్టాల్సిందే. 40 జీబీ పక్కన పెట్టి 30 జీబీ వాడితే, మిగిలిన 10 జీబీ ఖాళీగా ఉండగానే పక్క ప్రాసెస్‌ని ఓఓఎం కిల్లర్ (మెమొరీ అయిపోతే ప్రాసెస్‌లను ఆపే కెర్నల్ భాగం) చంపేయగలదు.

పోస్ట్‌గ్రెస్‌కి పద్ధతి ఇది. 15వ వెర్షన్ నుంచి లెక్క చేత్తో వేసుకోనక్కర్లేదు: సర్వరు ఆపి, పోస్ట్‌గ్రెస్ బైనరీని సీ ఆప్షన్‌తో నడిపి షేర్డ్ మెమొరీ సైజ్ ఇన్ హ్యూజ్ పేజెస్ అనే విలువ అడిగితే ఎన్ని పేజీలు కావాలో అదే చెబుతుంది. ఆ సంఖ్యకు కొద్దిగా కలిపి వీఎం డాట్ ఎన్ఆర్ హ్యూజ్‌పేజెస్ అనే సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగు) రాయాలి. తర్వాత మెమొరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫో ఫైల్లో హ్యూజ్‌పేజెస్ టోటల్ చూడాలి, ఎందుకంటే అడిగినన్ని దొరక్కపోయినా కెర్నల్ గొడవ చేయదు. దొరికినన్ని ఇచ్చి ఊరుకుంటుంది. చివరగా పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్‌లో హ్యూజ్ పేజెస్‌ని ‘ఆన్’ చేయాలి. డిఫాల్ట్‌గా ఉండే ‘ట్రై’ ప్రొడక్షన్‌కి పనికిరాదు. పేజీలు చాలకపోతే అది చప్పుడు లేకుండా 4 కేబీకి దిగిపోతుంది, నెల తర్వాత కనెక్షన్లు పెరిగాకే తెలుస్తుంది. ‘ఆన్’ అయితే సర్వరు అసలు లేవదు. తప్పు అప్పుడే బయటపడుతుంది. 17వ వెర్షన్‌లో హ్యూజ్ పేజెస్ స్టేటస్ అని విడిగా చూపిస్తున్నారు, మంచి పని.

సర్వరు లేచాక ‘ఫ్రీ’ సంఖ్య పెద్దగా తగ్గలేదని కంగారు పడేవాళ్లుంటారు. ఎంమ్యాప్ చేసినప్పుడు (మెమొరీ పరిధి అడిగినప్పుడు) పేజీలు రిజర్వ్ అవుతాయి, తాకినప్పుడే చేతికి వస్తాయి. చూడాల్సింది ‘ఆర్ఎస్‌వీడీ’ వరుస. ఫ్రీ లోంచి ఆర్ఎస్‌వీడీ తీసేస్తే మిగిలేదే నిజంగా ఖాళీ.

ఇబ్బంది పెట్టేవి మరి కొన్ని ఉన్నాయి. మెషీన్ రోజుల తరబడి నడిచాక పూల్ పెంచబోతే 2 ఎంబీ వరుస ముక్కలు దొరకవు. పేజీ క్యాష్ వదిలించి, కాంపాక్ట్ మెమొరీ ఫైల్లో 1 రాసి మళ్లీ ప్రయత్నించవచ్చు కానీ గ్యారంటీ లేదు. 1 జీబీ పేజీలైతే బూట్ లైన్లోనే అడిగేయడం క్షేమం: ముందు హ్యూజ్‌పేజ్‌ఎస్‌జెడ్ 1జీ, ఆ వెంటనే హ్యూజ్‌పేజెస్ సంఖ్య. ఈ వరుస తారుమారైతే సంఖ్య డిఫాల్ట్ సైజుకి అంటుకుని, 1 జీబీవి 16 అడిగితే 2 ఎంబీవి 16 వస్తాయి. రెండు సాకెట్ల సర్వర్లో సిస్‌సీటీఎల్ విలువ న్యూమా నోడ్‌ల (సాకెట్, దానికి దగ్గరి మెమొరీ) మధ్య సమానంగా పంచబడుతుంది. ప్రాసెస్‌ని ఒక నోడ్‌కి కట్టేసి ఉంటే సగం పూల్ దానికి అందదు, మ్యాప్ కుదిరినా తాకినప్పుడు సిగ్‌బస్ అనే ఎర్రర్ సిగ్నల్‌తో పడిపోవచ్చు. అలాంటప్పుడు ఒక్కో నోడ్ డైరెక్టరీలో ఉన్న ఎన్ఆర్ హ్యూజ్‌పేజెస్ ఫైల్లో విడివిడిగా రాయండి. ఒరాకిల్ వాడేవాళ్లకు రెండు విషయాలు: మెమొరీ టార్గెట్‌తో నడిచే ఆటోమేటిక్ మెమొరీ మేనేజ్‌మెంట్ హ్యూజ్ పేజీలతో కలవదు, మెమ్‌లాక్ పరిమితి (ర్యామ్‌లో లాక్ చేయగల మెమొరీ) ఒరాకిల్ షేర్డ్ మెమొరీ అయిన ఎస్‌జీఏ కంటే ఎక్కువ ఉండాలి. కుబెర్నెటీస్‌లో నోడ్ మీద పూల్ ముందే ఉండాలి, పాడ్ స్పెక్‌లో రిక్వెస్ట్, లిమిట్ ఒకటే అయ్యుండాలి.

5.14లో వచ్చిన వీమెమ్‌మ్యాప్ ఆప్టిమైజేషన్‌కి రావాల్సినంత పేరు రాలేదు. ప్రతి 4 కేబీ పేజీకీ కెర్నల్ 64 బైట్ల స్ట్రక్ట్ పేజ్ అనే వివరాల రికార్డు ఉంచుతుంది. అంటే ర్యామ్‌లో 1.56 శాతం. 2 ఎంబీ పేజీ ఒక్కదానికి ఇవి 512, మొత్తం 32 కేబీ, 8 పేజీలు. వాటిలో సమాచారం దాదాపు ఒకటే కాబట్టి ఇప్పటి కెర్నళ్లు ఒక పేజీ ఉంచుకుని 7 వెనక్కిస్తాయి. 256 జీబీ పూల్ మీద 3.5 జీబీ మిగిలినట్టే. బూట్ లైన్లో హ్యూజ్‌టీఎల్‌బీ ఫ్రీ వీమెమ్‌మ్యాప్‌ని ఆన్ చేస్తే చాలు. ఒక్కటే లోటు: పూల్‌లోంచి పేజీని తిరిగి సిస్టమ్‌కి ఇచ్చేటప్పుడు ఆ 7 పేజీలు మళ్లీ కావాలి, కాబట్టి మెమొరీ ఇరుకుగా ఉన్నప్పుడు పూల్ తగ్గించడం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కుదరదు. పూల్ సైజు కదపని డేటాబేస్ సర్వర్లకు ఇదొక లోటే కాదు.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు: పేరులో ఉన్నంత పారదర్శకం కాదు

ఆండ్రియా అర్కాంజెలి రాసిన టీహెచ్‌పీ (ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు) 2011లో 2.6.38తో వచ్చింది. అప్లికేషన్ మార్చనక్కర్లేదు, పూల్ అక్కర్లేదు. 2 ఎంబీ హద్దుకు సరిపడే అనానిమస్ (ఏ ఫైలుతోనూ సంబంధం లేని) మెమొరీ తాకగానే వీలైతే ఒకేసారి 2 ఎంబీ ఇస్తుంది. వీలు కాకపోతే 4 కేబీ ఇచ్చి, తర్వాత కెహ్యూజ్‌పేజ్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ వచ్చి కలుపుతుంది.

‘ఎనేబుల్డ్’ ఫైల్లో ఆల్వేస్, మ్యాడ్వైజ్, నెవర్ అని మూడు ఎంపికలు. మ్యాడ్వైజ్ అంటే ప్రోగ్రామ్ ఆ పేరున్న పిలుపుతో అడిగిన మెమొరీకే. డిఫాల్ట్ ఏదన్నది డిస్ట్రోని బట్టి మారుతుంది, చూసుకోకుండా ఊహించుకోవద్దు. అసలు ఇబ్బంది పక్కనున్న ‘డీఫ్రాగ్’ ఫైలుతో. ఇందులో ఆల్వేస్ పెడితే పేజీ ఫాల్ట్ (ఇంకా మ్యాప్ కాని పేజీని తాకడం) మధ్యలోనే కెర్నల్ రీక్లెయిమ్ (పేజీలు ఖాళీ చేయించడం), కాంపాక్షన్ (ఖాళీలను ఒక చోటికి చేర్చడం) మొదలుపెడుతుంది. మెమొరీ ముక్కలైపోయిన మెషీన్లో ఒక్క మెమొరీ స్పర్శకే మిల్లీసెకన్లు పోతాయి. టీహెచ్‌పీ ఆపేయమని డేటాబేస్ డాక్యుమెంట్లు ఏళ్ల తరబడి చెప్పడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. ఇప్పుడు డిఫాల్ట్ మ్యాడ్వైజ్. అడిగిన ప్రాంతాలకే ఆ శ్రమ. మిశ్రమ పనులు నడిచే సర్వర్లకు ‘డిఫర్ ప్లస్ మ్యాడ్వైజ్’ ఇంకా నయం: అడిగినవాళ్లు ఆగుతారు, మిగతావాళ్ల కోసం కేస్వాప్‌డీ, కేకాంపాక్ట్‌డీ అనే కెర్నల్ థ్రెడ్లు వెనక పని చేస్తాయి.

వెనక పని చేసే కెహ్యూజ్‌పేజ్‌డీ మీద మరీ ఆశ పెట్టుకోకండి. డిఫాల్ట్‌గా అది 4,096 పేజీలు, అంటే 16 ఎంబీ చూసి 10 సెకన్లు పడుకుంటుంది. 64 జీబీ తిరగడానికి ఆ నిద్రే సుమారు 11 గంటలు. త్వరగా కావాలంటే పేజెస్ టు స్కాన్ పెంచండి, లేదా 6.1 నుంచి ఉన్న మ్యాడ్వైజ్ కొలాప్స్ పిలుపుతో ప్రోగ్రామే స్వయంగా, అప్పటికప్పుడు కలిపించుకోవచ్చు. రెండో పద్ధతే మేలు. ఎప్పుడు కలపాలో ప్రోగ్రామ్‌కి తెలిసినంత కెర్నల్‌కి తెలియదు.

మెమొరీ ఉబ్బరం ఇంకో తలనొప్పి. మ్యాక్స్ పీటీఈస్ నన్ విలువ డిఫాల్ట్‌గా 511. అంటే 512 పేజీల్లో ఒక్కటి తాకి ఉన్నా కెహ్యూజ్‌పేజ్‌డీ మిగతా 511 నింపి 2 ఎంబీ చేసేయవచ్చు. చిన్న చిన్న ముక్కలుగా అలోకేట్ చేసి వదిలేసే ప్రోగ్రాముల ఆర్ఎస్ఎస్ (ర్యామ్‌లో పట్టే చోటు) ఇలాగే పెరిగిపోతుంది, జనం దాన్ని మెమొరీ లీక్ అనుకుని రోజులు వెతుకుతారు. ఈ విలువ 0 చేస్తే పూర్తిగా నిండినవే కలుస్తాయి. 6.12లో దీనికి విరుగుడూ వచ్చింది: మెమొరీ ఇరుకైనప్పుడు ఎక్కువ భాగం సున్నాలతో ఉన్న పెద్ద పేజీలను విడగొట్టే ష్రింకర్. అయితే ఎన్ని సున్నా పేజీలుంటే విడగొట్టాలన్నదీ ఇదే మ్యాక్స్ పీటీఈస్ నన్ నిర్ణయిస్తుంది. అది 511గా ఉన్నంత కాలం ష్రింకర్ పని చేయదు. మందు ఇచ్చి మూత బిగించేశారన్నమాట. 511ని 409 దరిదాపులకు దించితే రెండూ కదులుతాయి.

పాత సలహాలను పాతవిగానే చదవండి. రెడిస్ డేటాబేస్ కోసం టీహెచ్‌పీ ఆపమనడానికి చెప్పే కారణం: ఫోర్క్ అయ్యాక (ప్రాసెస్ తన నకలు తీశాక) ఒక్క బైటు మారినా 2 ఎంబీ కాపీ అవుతుందని. 5.8 నుంచి అలా జరగదు. మ్యాపింగ్‌ని విడగొట్టి 4 కేబీ మాత్రమే కాపీ చేస్తుంది. అంతమాత్రాన రెడిస్‌కి టీహెచ్‌పీ ఆన్ చేయమని కాదు, విడగొట్టడానికీ ఖర్చుంది. కానీ లెక్క మారింది. మాంగోడీబీ అయితే ఎన్నో ఏళ్లు ఆపమని చెప్పి, కొత్త టీసీమాలక్ మెమొరీ అలోకేటర్‌కి మారిన 8.0 నుంచి ఆన్ చేయమంటోంది. జావాలో యూజ్ ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్, దానితో ఆల్వేస్ ప్రీటచ్ జంటగా పెట్టండి. ప్రీటచ్ లేకపోతే హీప్ పెరిగే కొద్దీ, సరిగ్గా లోడ్ ఉన్న సమయంలోనే, ఈ ఫాల్ట్‌లన్నీ పడతాయి. సీ ప్రోగ్రాములకు గ్లిబ్‌సీ లైబ్రరీ 2.35 నుంచి మాలక్ హ్యూజ్‌టీఎల్‌బీ ట్యూనబుల్ ఉంది. 1 పెడితే మాలక్ తనే మ్యాడ్వైజ్ చేస్తుంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

6.8లో వచ్చిన మల్టీసైజ్ టీహెచ్‌పీ 4 కేబీకీ 2 ఎంబీకీ మధ్య ఉన్న పెద్ద గుంటను పూడ్చింది: 16, 32, 64 కేబీ, అలా పైకి. ఆర్మ్ ప్రాసెసర్ల మీద 6.9 నుంచి 64 కేబీ ముక్కను, అంటే వరుసగా ఉన్న 16 పేజీలను, ఒకే టీఎల్‌బీ ఎంట్రీగా చూపవచ్చు, అసలు లాభం వాళ్లదే. ఎక్స్86 మీద ప్రధానంగా తగ్గేది పేజీ ఫాల్ట్‌ల సంఖ్య. అయితే ఒక్కో సైజుకీ ఒక డైరెక్టరీ, ఒక్కోదానిలో ఆల్వేస్, ఇన్హెరిట్, మ్యాడ్వైజ్, నెవర్. 2 ఎంబీది ఇన్హెరిట్‌గా, మిగతావన్నీ నెవర్‌గా వస్తాయి. అంటే కెర్నల్ అప్‌గ్రేడ్ చేసి ఏమీ ముట్టుకోనివాళ్లకు ఈ సౌకర్యం లేనట్టే. సరైన సైజు కెర్నలే ఎంచుకోవాలి గానీ ఇంతమంది అడ్మిన్లు ఇన్ని ఫైళ్లలో రాసుకోవడం ఏమిటి?

లోపలి శుభ్రత, దాని ఫలితం

బయట మీటలు ఇలా పెరుగుతుంటే లోపల మాత్రం నిజంగా సర్దుతున్నారు. హ్యూజ్‌టీఎల్‌బీకి మొదటి నుంచీ తనదైన ఫాల్ట్ దారి, తనదైన పేజీ టేబుల్ నడక, తనదైన లాకులు. 2 ఎంబీ, 1 జీబీ ఎంట్రీలను కూడా మామూలు కింది స్థాయి ఎంట్రీల్లాగే చూపించే పద్ధతి. అందువల్ల మెమొరీ కోడ్‌లో ఎక్కడ చూసినా ‘ఇది హ్యూజ్‌టీఎల్‌బీ అయితే ఇటు’ అనే పక్కదారి. ఒక దారిలో సరిచేసిన బగ్ రెండో దారిలో అలాగే ఉండేది. 6.10లో యూజర్ పేజీలను పట్టుకునే జీయూపీ కోడ్‌లో హ్యూజ్‌టీఎల్‌బీ సొంత నడకను తీసేసి మామూలు దారిలో కలిపారు. 6.11లో పవర్‌పీసీ కోసం మాత్రమే ఉన్న హ్యూజ్‌పీడీ అనే విచిత్రమైన టేబుల్ రూపం పోయింది. మాథ్యూ విల్‌కాక్స్ 5.16లో తెచ్చిన ఫోలియోలు ఈ సర్దుబాటుకు పునాది: చేతిలో ఉన్నది పెద్ద పేజీకి తలా తోకా అని ప్రతి ఫంక్షన్లో అడగనక్కర్లేదు.

వాడేవాళ్లకు ఇవన్నీ కంటికి కనిపించవు. కనిపించే చోటు ఒకటుంది: డివైజ్ మెమొరీ. జీపీయూని వీఎఫ్‌ఐఓ (డివైజ్‌ని నేరుగా యూజర్ ప్రోగ్రామ్‌కి ఇచ్చే కెర్నల్ భాగం) ద్వారా వర్చువల్ మెషీన్‌కి అప్పగిస్తే కార్డు మెమొరీ పీసీఐ బార్ (డివైజ్‌కి కేటాయించిన అడ్రస్ పరిధి) రూపంలో కనిపిస్తుంది. దానికి స్ట్రక్ట్ పేజ్ ఉండదు, పేజీ ఫ్రేమ్ నంబరు మాత్రమే. టీహెచ్‌పీ, హ్యూజ్‌టీఎల్‌బీ రెండూ దీనికి పనికిరావు. 128 జీబీ బార్ ఉన్న కార్డుకి 3,35,54,432 ఎంట్రీలు ఒక్కొక్కటే రాయాల్సి వచ్చేది, టేబుళ్లకే 256 ఎంబీ. 1 జీబీ చొప్పున రాస్తే 128 ఎంట్రీలు.

దీనికి దారి రెండు మెట్లుగా పడింది. డివైజ్ మెమొరీ ఆఫ్‌లో ఉన్నప్పుడు యూజర్ దాన్ని తాకితే వచ్చే చిక్కు 2020లో భద్రతా లోపంగా బయటపడ్డాక, వీఎఫ్‌ఐఓ తన మ్యాపింగుల చిట్టా తానే రాసుకుంటూ, అవసరమైనప్పుడు వాటిని వెతికి తుడిచేది. లాకుల వరుస నిలబెట్టడానికి గారడీ చేయాల్సి వచ్చేది. 2024లో డివైజ్‌కో ఐనోడ్ (ఫైలును గుర్తించే కెర్నల్ రికార్డు) ఇచ్చి, ఫైళ్లకు ఎప్పటి నుంచో ఉన్న అన్‌మ్యాప్ ఫంక్షన్నే వాడేయడంతో ఆ చిట్టా మొత్తం పోయింది. ఆ తర్వాత పీటర్ షూ రాసిన హ్యూజ్ పీఎఫ్ఎన్‌మ్యాప్ (పేజీ ఫ్రేమ్ నంబరుతోనే పెద్ద మ్యాపులు) 6.12లో చేరి, వీఎఫ్‌ఐఓ ఒక్క ఫాల్ట్‌లో 2 ఎంబీ లేదా 1 జీబీ పెట్టగలిగింది. కోడ్ తీసేసి వేగం సంపాదించిన సందర్భాలు కెర్నల్‌లో తరచుగా రావు. ఈ మొత్తం సమీక్షలో ఎక్కువ మార్కులు దీనికే.

అయితే పెట్టెలోంచి తీయగానే పని చేస్తుందనుకోవద్దు. కెర్నల్ కాన్ఫిగ్‌లో టీహెచ్‌పీ ఉండాలి. లేకుండా కంపైల్ చేస్తే పెద్ద పీఎఫ్ఎన్ మ్యాపులు కూడా ఉండవు. ఎంమ్యాప్ చేసిన వర్చువల్ అడ్రసు, బార్ ఫిజికల్ అడ్రసు 2 ఎంబీ లేదా 1 జీబీ హద్దుకు ఒకే దూరంలో ఉండాలి. లేకపోతే ఏ హెచ్చరికా లేకుండా 4 కేబీకి దిగిపోతుంది. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఎంయూ కొత్త వెర్షన్ బార్లను హద్దు చూసుకుని మ్యాప్ చేస్తుంది. సొంతంగా వీఎఫ్‌ఐఓ ప్రోగ్రాము రాసేవాళ్లు ముందు పెద్ద ఖాళీ అడ్రస్ పరిధి తీసుకుని, అందులో హద్దు చూసి, అక్కడ ఫిక్స్‌డ్‌గా మ్యాప్ చేయాలి. ఇంకో మెలిక: మెషీన్ లేచేటప్పుడు ఐఓఎంఎంయూలో (డివైజ్‌లు వాడే అడ్రసులను అనువదించే హార్డ్‌వేర్) ఈ బార్లను ఎక్కించే కోడ్ 6.12లో కూడా ఒక్కో 4 కేబీనే అడుగుతూ నడిచేది. కింద 1 జీబీ ఎంట్రీ ఉందని తెలుసుకుని దూకడం 6.15లో వచ్చింది. పెద్ద జీపీయూలు చాలా ఉన్న హోస్ట్ మీద గెస్ట్ లేవడానికి నిమిషాలు పడుతోందంటే 6.12తో తీరేది కొంతే.

కొలవకుండా ఏదీ నమ్మకండి. మెమ్‌ఇన్ఫోలో పేజ్‌టేబుల్స్ వరుసను మార్పుకు ముందూ తర్వాతా చూడండి. పోస్ట్‌గ్రెస్ లాంటి వాటికి అదొక్కటే సగం కథ చెబుతుంది. వీఎంస్టాట్‌లో టీహెచ్‌పీ ఫాల్ట్ అలాక్ పక్కన ఫాల్‌బ్యాక్ పెరుగుతుంటే పెద్ద ముక్కలు దొరకడం లేదన్నమాట, కాంపాక్ట్ స్టాల్ పెరుగుతుంటే దొరికించడానికి ప్రోగ్రాములు ఆగుతున్నాయన్నమాట. ఒక ప్రాసెస్ సంగతి కావాలంటే దాని ఎస్‌మ్యాప్స్‌లో అనాన్‌హ్యూజ్‌పేజెస్, టీహెచ్‌పీఎలిజిబుల్ వరుసలు. పెర్ఫ్ స్టాట్‌తో డీటీఎల్‌బీ లోడ్ మిస్‌ల సంఖ్య కంటే పేజీ వాక్‌లో (పేజీ టేబుళ్ల నడకలో) పోయిన సైకిళ్ల వాటా చూడండి. మిస్‌లు చాలా ఉన్నా వాక్‌లు క్యాష్‌లోనే తీరిపోతుంటే హ్యూజ్ పేజీలతో ఒరిగేది తక్కువ.

కొనుగోలు సలహా అడిగితే: సైజు స్థిరంగా ఉండే పెద్ద షేర్డ్ మెమొరీకి, డీపీడీకే అనే నెట్‌వర్క్ ప్యాకెట్ల లైబ్రరీకి, గెస్ట్ మెమొరీకి హ్యూజ్‌టీఎల్‌బీనే. జావా హీప్‌లు, మాలక్ మీద బతికే సర్వీసులకు టీహెచ్‌పీ మ్యాడ్వైజ్‌లో. ఆల్వేస్ పెట్టేవాళ్లు మ్యాక్స్ పీటీఈస్ నన్ తగ్గించకుండా పెట్టొద్దు. జీపీయూ పాస్‌త్రూ చేసేవాళ్లకు ఉబుంటు 24.04 మొదటి 6.8 కెర్నల్ చాలదు. డెబియన్ 13, రెడ్‌హ్యాట్ 10 రెండూ 6.12 ఆధారంగా ఉన్నాయి కాబట్టి పెద్ద మ్యాపులు దొరుకుతాయి, ఐఓఎంఎంయూ దూకుడు మాత్రం డిస్ట్రో బ్యాక్‌పోర్ట్ చేసిందో లేదో చేంజ్‌లాగ్‌లో చూసుకోవాలి.